బాబాయ్ మర్చిపోని పాస్‌వర్డ్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది, కనీసం ఎవరి మీద కోపమో నాకు తెలిసేది. ఈసారి అదే తెలియలేదు. పొద్దున లేస్తూ తమ్ముడి మీద మొదలయ్యేది. టీ తాగేసరికి మెకానిక్ బాబాయ్ మీదికి మళ్ళేది. బస్సు దిగేసరికి తిరిగి తిరిగి నా మీదికే వచ్చి కూర్చునేది.

నేను పనిచేసేది కోడిగుడ్లు పొదిగించే చోట. బీరువాలాంటి పెద్ద మెషీన్లో గుడ్లని అరల మీద అరలుగా పేర్చి, వెచ్చగా ఉంచి, అటూ ఇటూ వంచుతూ పొదిగిస్తాం. వంచేది మెషీనే, మేం కాదు. నాది దీపం పని. అదే గదిలో ఒక మూల చీకట్లో కూర్చుని ఒక్కో గుడ్డునూ దీపానికి అడ్డం పెట్టి చూస్తాను. లోపల సన్నటి ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం పోసుకుంటున్నట్టు. ఏమీ లేకపోతే తీసి పక్కన పెట్టేయాలి.

మెషీన్ ముఖాన ఒక తెర ఉంది. టీవీలా వెలుగుతూ ఉండేది. ఆ వెలుగు నా మూలకి పడి, నరాలు ఉన్నాయో లేవో కనపడనిచ్చేది కాదు. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ పట్టించుకోకపోతే, నా పాత నైటీ చింపి ఆ తెరకి గౌను కుట్టేశాను. ఎలాస్టిక్ కూడా పెట్టాను, జారిపోకుండా. మా యజమానురాలు మేడమ్ చూసి నవ్వి ఊరుకుంది. తెరతో మాలో ఎవరికీ పని లేదు మరి. వేడి ఎంతుందో, తేమ ఎంతుందో బాబాయ్ తన ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకుంటాడు. చూడ్డానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఏదైనా మార్చాలంటేనే కావాలి.

బాబాయ్ అంటే చుట్టం కాదు, వరస కలిపి పిలుస్తాను. మా మెషీన్ని చూసే మెకానిక్. పెద్దాయన, మాట నెమ్మది. మెషీన్ తలుపు తీసేముందు దానిమీద రెండుసార్లు తట్టి, "వస్తున్నానమ్మా" అంటాడు, లోపలెవరో స్నానం చేస్తున్నట్టు. నేను ఎంత అరిచినా ఆయన మాత్రం "అలాగే తల్లీ" అనేవాడు. అందుకే ఆయన మీద అరవబుద్ధి అయ్యేది కాదు.

ఆరోజు మాకు వారపు సెలవు. పని స్థలంలో ఎవరూ లేరు. మధ్యాహ్నం పూట మెషీన్ లోపలి ఫ్యాను ఆగిపోయి వేడి ఎక్కడం మొదలుపెట్టింది. బాబాయ్ ఫోను గోల పెట్టింది. ఇలాంటివి ఆయనకి కొత్త కాదు, ఫోన్లోంచే హీటరు ఆపేసి, ఆనక తీరిగ్గా వచ్చి చూసుకుంటాడు. ఆరోజు పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. తప్పే. కళ్ళజోడు మార్చి కొట్టాడు. అదీ తప్పే. బస్సు పట్టుకుని, బస్సులో కూడా కొడుతూనే ఉన్నాడట. వచ్చి మెయిన్ స్విచ్ ఆపి తలుపులు తెరిచేసరికి లోపల అంతా అయిపోయింది.

మర్నాడు నా దీపం ముందు ఒక్క గుడ్డులో కూడా నరం కనపడలేదు. ఒకటి తర్వాత ఒకటి చూస్తూ పోయాను. ఇంకో వారం పది రోజులుంటే పెంకు పగలగొట్టుకుని వచ్చేవి. నాకు ఏడుపు ఆగలేదు. గుడ్ల కోసం ఏడుస్తారా అని ఎవరైనా అంటే అననీ.

బాబాయ్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నేను సరిగ్గానే కొట్టాను తల్లీ," అన్నాడు. కాసేపాగి, "సరిగ్గానే కొట్టాననుకుంటా," అన్నాడు. ఇంకాస్త ఆగి, "ఏమో," అన్నాడు.

ఆ "ఏమో" వెనక ఏముందో నాకు తెలుసు. వాళ్ళమ్మ చివరి రోజుల్లో కన్నకొడుకునే "ఎవరు నాయనా మీరు, ఎవరి కోసం వచ్చారు?" అని మర్యాదగా అడిగేదట. ఆ మాట ఒకసారి టీ తాగుతూ చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు గానీ టీ సగంలోనే వదిలేశాడు. తనకీ అది వస్తుందేమోనని ఆయన భయం.

మేడమ్ కూడా కేకలేమీ వేయలేదు. కేకలేసినా బాగుండేది. "మీరు కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి బాబాయ్ గారూ, మెషీన్ చూడ్డానికి వేరే ఎవరినైనా మాట్లాడతాను," అంది మెత్తగా. ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మెషీన్ మీద తట్టలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు నా దగ్గరే ఉంటాడు. ఒక కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. అది కాక వాడికొక పిచ్చి ఉంది. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ ఎవరి తలుపులు తెరిచి ఉన్నాయో వెతుకుతూ కూర్చుంటాడు. "నేను దొంగని కాదక్కా, కాపలావాణ్ణి," అంటాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు, మిగతా సగం వినేదాన్ని కాదు.

వాడు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "ఏ కంపెనీ మెషీను?"

చెప్పాను. వాడి ముఖంలో రంగు పోయింది.

"ఏం చేశావురా?"

"నేనేం పాడు చెయ్యలేదు. ఆ మెషీన్లన్నిటికీ ఫ్యాక్టరీవాళ్ళు ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అమ్మారక్కా. అది వాళ్ళ పుస్తకంలో అచ్చేసి ఉంది. ఆ పుస్తకం నెట్లో ఉంది. ఎవడైనా వెధవ ఎక్కడో కూర్చుని మీ గుడ్లన్నీ ఉడకబెట్టేయొచ్చు. వాడికంటే ముందు నేను వెళ్ళి పాస్‌వర్డ్ మార్చాను. తాళం వేశానంతే."

"ఉడికాయి కదరా మరి!"

"అది ఫ్యాను వల్ల."

"ఫ్యాను ఆగితే బాబాయ్ హీటరు కట్టేసేవాడు. నువ్వు ఆయన చేతులు కట్టేశావు."

"చెప్పకుండా కట్టలేదు," అన్నాడు వాడు. అంత గట్టిగా నా మీద ఎప్పుడూ మాట్లాడలేదు. "ప్రతి మెషీన్ తెర మీదా పెద్ద అక్షరాలతో పెట్టాను. మీ తలుపు తెరిచి ఉంది, నేను తాళం వేశాను, కొత్త తాళంచెవి కావాలంటే ఈ అడ్రసుకి రాయండి అని. చాలామంది రాశారు. థాంక్స్ కూడా చెప్పారు. కొంతమంది మాత్రం రాయలేదు. కళ్ళెదురుగా తెర మీద ఉన్నది కూడా చదవనివాళ్ళని నేనేం చెయ్యను?"

"మా తెరకి గౌను ఉంది," అన్నాను.

"గౌనేంటి?"

"గౌను. నేనే కుట్టాను. నైటీతో."

వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ఇద్దరికీ నవ్వు వచ్చింది, అంత సిగ్గుమాలిన నవ్వు మేమెప్పుడూ నవ్వలేదు. తర్వాత వాడు "అయితే సగం నీదే," అన్నాడు. నేను గరిటె విసిరాను. తగలలేదు.

పనికి వెళ్ళగానే గౌను ఎత్తి చూశాను. తెర మీద ఏమీ లేదు. బాబాయ్ మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వేసినప్పుడు ఆ మాటలన్నీ చెరిగిపోయాయి. ఫోన్లో అయితే మెషీన్ ఇంకా ఎవరినీ రానివ్వట్లేదు. అన్నిసార్లు తప్పు కొట్టడం వల్ల అదే బిగుసుకుపోయిందని మేడమ్ అనుకుంటోంది.

ఇప్పుడు చెప్పండి, ఎవరిని తిట్టాలి? అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ పెట్టి అమ్మిన ఫ్యాక్టరీనా? దాన్ని మార్చుకోని బాబాయ్‌నా? అడగకుండా మార్చిన నా తమ్ముణ్ణా? తెర మీద గుడ్డ కప్పిన నన్నా? ఎవరికి వాళ్ళం మంచికే చేశాం. గుడ్లు మాత్రం చచ్చాయి. తల పట్టుకుని కూర్చున్నాను. దీపం వెలుగుతూనే ఉంది, ముందు పెట్టుకోవడానికి గుడ్డు లేదు.

మేడమ్‌కి చెప్పేద్దామని తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చెబితే తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోతారు. వాడి ఉద్యోగం పోతుంది. నా గౌను సంగతి కూడా బయటపడుతుంది. పిరికితనమే, దానికి ఇంకో పేరు పెట్టను.

"ముందు ఎలా ఉండేదో అలా పెట్టెయ్," అన్నాను ఇంటికెళ్ళి. "ఆ పాత పాస్‌వర్డే మళ్ళీ పెట్టెయ్. అప్పుడు బాబాయ్ కొడితే తెరుచుకుంటుంది. మెషీనుదే ఏదో తేడా, ఇప్పుడు బాగుపడిందని మేడమ్ అనుకుంటుంది. ఆయన్ని మళ్ళీ పనికి పిలుస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు."

వాడు లాప్‌టాప్ తెరిచాడు. నేను పళ్ళెం కడిగి వచ్చేలోగా "అయిపోయింది," అన్నాడు. ఇంత సులువా అనిపించింది. మనసు తేలికపడి, ఎంత తెలివిగలదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు బాబాయ్ తన పనిముట్లు తీసుకెళ్ళడానికి వచ్చాడు. మేడమ్ అక్కడే ఉంది. ఇదే అదను అనుకుని, "బాబాయ్, ఒక్కసారి మళ్ళీ కొట్టి చూడండి," అన్నాను.

"ఎందుకులే తల్లీ."

"నా కోసం."

మేడమ్ కూడా "చూడండి" అంది. ఆయన ఫోను తీశాడు. ఒక్కో అక్షరం పెదాలతో చదువుకుంటూ కొట్టాడు. తెరుచుకుంది.

నేను చప్పట్లు కొట్టబోయాను. మేడమ్ "అమ్మయ్య" అంది. బాబాయ్ మాత్రం ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖం మా దీపం ముందు ఏమీ కనపడని గుడ్డులా అయిపోయింది.

"అంటే మెషీనుది తప్పు కాదన్నమాట," అన్నాడు. "ఆరోజు నేనే తప్పు కొట్టాను. అన్నిసార్లూ తప్పే కొట్టాను. సరిగ్గా కొట్టినట్టే గుర్తుంది చూడు, అదీ భయం."

ఫోను మేడమ్ చేతిలో పెట్టి, "ఇది ఇంక నా దగ్గర ఉండకూడదు," అని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు, ఎటు తిరగాలో ఆలోచిస్తున్నట్టు. ఆయన ఆలోచించుకుంటున్నాడా, నాకే అలా కనపడిందా, ఇప్పటికీ తెలియదు.

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. నిన్నటిదాకా ఆయనకి సగం అనుమానమైనా మెషీన్ మీద ఉండేది. ఆ కాస్త ఆసరా కూడా నా తెలివితో లాగేశాను.

మర్నాడు సాయంత్రం తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ బాబాయ్ ఇంటికి తీసుకెళ్ళాను. వాడు లాప్‌టాప్ సంచీ భుజానేసుకుని, దారంతా "ఏమని చెబుతావ్, ఏమని చెబుతావ్" అని గొణుగుతూనే ఉన్నాడు. తలుపు పిన్ని తీసింది, బాబాయ్ భార్య. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపల్నుంచి ఏవో గొణుగుళ్ళు వినిపిస్తున్నాయి.

"ఎక్కాలు చదువుతున్నాడు," అంది పిన్ని. "పొద్దుట్నుంచీ అదే. ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదట్నుంచి. ఒక్కణ్ణీ బయటికి పంపొద్దంటాడు. పొయ్యి ఆపానా లేదా అని తిరిగి తిరిగి నన్నే అడుగుతాడు. పొయ్యి వెలిగించింది నేను."

బాబాయ్ ముందు కూర్చుని మొత్తం చెప్పాను. పాస్‌వర్డ్ మార్చడం, తెర మీద రాత, గౌను, మళ్ళీ పాతదే పెట్టడం. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, నా తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మంచిదానివి తల్లీ. నా కోసం సొంత తమ్ముణ్ణి దొంగని చేస్తున్నావా?"

"నిజం బాబాయ్!"

"నిన్న లేని నిజం ఇవాళెక్కడిది? నిన్న నా ఎదురుగానే ఉన్నావుగా. తెరుచుకున్నప్పుడు నువ్వే సంతోషపడ్డావు."

తమ్ముడు ముందుకొచ్చి, లాప్‌టాప్ తెరిచి, ఏవో వరుసలు చూపించి, ఇదిగో ఇక్కడ మార్చాను, ఇదిగో ఇక్కడ తిరిగి పెట్టాను అన్నాడు. బాబాయ్ దయగా తలూపాడు. "ఇవన్నీ నాకేం తెలుసు బాబూ. నువ్వు కూడా మంచివాడివే. అక్క చెప్పిందని వచ్చావు."

ఒట్లు పెట్టుకున్నాను, అరిచాను కూడా. నేను అరిచిన కొద్దీ ఆయనకి నా మీద జాలి ఎక్కువైంది. రుజువేదీ అంటే ఏం చూపించాలి? మా చేత్తో మేమే తుడిచేశాం.

"మళ్ళీ చెయ్యి," అన్నాను తమ్ముడితో.

"ఏంటి?"

"ఆయన చూస్తుండగా మార్చు. ఇప్పుడే."

వాడు భయంగా చూశాడు. "అక్కా, ఇప్పుడు చేస్తే తెలిసి తెలిసి చేసినట్టవుతుంది."

"అప్పుడు నిద్రలో చేశావా?"

"అప్పుడు మంచి జరుగుతుందనుకున్నాను."

"ఇప్పుడూ అదే అనుకో."

ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు. నిన్నటిదాకా ఏ పని చేసినందుకు వాణ్ణి తిట్టానో, అదే పని చెయ్యమని బతిమాలుతున్నాను. మేడమ్‌ని అడగాలని కూడా తోచలేదు. మెషీన్ ఖాళీగా ఉంది, లోపల ఒక్క గుడ్డు లేదు, అదొక్కటే ధైర్యం.

వాడు మీటలు నొక్కాడు. "మార్చాను. కొట్టండి," అన్నాడు.

బాబాయ్ ఫోను మేడమ్ దగ్గర ఉండిపోయిందిగా, అందుకని నా ఫోన్లో ఆ మెషీన్ పేజీ పెట్టి ఇచ్చాను. ఆయనకి ఇష్టం లేదు. నా ముఖం చూసి మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం పైకి చదివాడు, పిన్ని వినేలా. మెషీన్ పేరు, పక్కన ఒకట్లూ సున్నాలూ. తప్పు అంది. మళ్ళీ చదివాడు, మళ్ళీ కొట్టాడు. తప్పు. ఆయన భుజాలు కుంగిపోయాయి. ఇది కూడా తన మరుపే అనుకున్నాడో ఏమో.

"ఇప్పుడు పాతది పెడతాను," అన్నాడు తమ్ముడు. "పెట్టాను. అదే కొట్టండి, ఒక్క అక్షరం మార్చకండి."

తెరుచుకుంది.

"మళ్ళీ మార్చాను."

తప్పు అంది.

బాబాయ్ తలెత్తాడు. "ఇంకోసారి," అన్నాడు. తమ్ముడు పెట్టాడు, తీశాడు, పెట్టాడు, తీశాడు. ఆయన ప్రతిసారీ అదే కొట్టాడు. చివరికి మెషీన్ తప్పు అన్నప్పుడల్లా ఆయనకి నవ్వు రావడం మొదలైంది. పిన్ని చెయ్యి పట్టుకుని, "చూశావా, ఒప్పుకోవట్లేదు! నేను సరిగ్గా కొట్టినా ఒప్పుకోవట్లేదు!" అన్నాడు. నవ్వుతూనే ఏడ్చాడు. పిన్ని కూడా ఏడ్చింది. నా కళ్ళు కూడా ఆగలేదు.

బాబాయ్ తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని, "నీ మేలు మర్చిపోను బాబూ," అన్నాడు.

"వాడికి థాంక్సెందుకు చెబుతారు!" అని అరిచాను. ఇంత జరిగాక మళ్ళీ వీడికి మెచ్చుకోలా? కానీ వాడు ఆయన అరచేతుల్లోంచి వేళ్ళు లాక్కోవాలని చూస్తున్నాడు. వాడు ఆ మెచ్చుకోలు తీసుకోలేక పోతున్నాడు. నా కోపం ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది.

పిన్ని టీ పెట్టింది. రేపు పొద్దున ముగ్గురం మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేద్దామన్నాడు బాబాయ్. ఆవిడ ఏం చేస్తుందో, పోలీసుల్ని పిలుస్తుందో లేదో చూద్దాం అన్నాడు. తమ్ముడు తలూపాడు.

టీ గ్లాసు కింద పెడుతూ బాబాయ్ అడిగాడు, మామూలుగానే అడిగాడు, కోపం లేకుండా.

"ఇలాంటి తాళాలు చాలా వేశావా బాబూ?"

"చాలా వేశానండీ."

"అందరూ నీకు తిరిగి రాశారా?"

"చాలామంది రాశారు. కొంతమంది రాయలేదు."

"రాయనివాళ్ళల్లో నాలాంటి వాళ్ళెంతమంది?"

తమ్ముడు నన్ను చూశాడు, చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు చూసినట్టు. నేనేం చెప్పను? వాళ్ళ తెరల మీద ఏ గుడ్డలున్నాయో నాకేం తెలుసు?

వాడు లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని వెతకడం మొదలుపెట్టాడు. రాయనివాళ్ళల్లో ఒకరి పేరు, చోటు, ఫోను నంబరు దొరికాయి. నా ఫోనే తీసుకుని నొక్కి, మా అందరికీ వినపడేలా మధ్యలో పెట్టాడు. అవతల చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. వాడు మళ్ళీ నొక్కాడు.